ఎల్‌ఎస్‌లో రెండే అక్షరాలు ఎందుకు? టెలిగ్రాఫ్ నుంచి టెర్మినల్ దాకా షార్ట్‌కట్ల చరిత్ర

పోయిన రెండు ఎపిసోడ్లలో లినక్స్ ఇన్‌స్టాల్ చేసుకున్నం, ఫైళ్ళు ఫోల్డర్లు చూసుకున్నం. ఇప్పుడు అందరూ అడుగుతున్నది ఒక్కటే: "అన్నా, టెర్మినల్‌ను నాకు నచ్చినట్టు ఎట్ల మార్చుకోవాలి? అలియాస్‌లు ఎట్ల పెట్టుకోవాలి? ఆ కొత్త రంగురంగుల టూల్స్ ఏంది?" అన్నీ చెప్తా. కాకపోతే ఈరోజు ట్యుటోరియల్ కాదు, చరిత్ర. ఎందుకంటే ఈ షార్ట్‌కట్లు ఎక్కడి నుంచి వచ్చినయో తెలిస్తే, ఏది పెట్టుకోవాలో ఏది వద్దో మీరే నిర్ణయించుకోగలరు. తెలియకపోతే ఎవరిదో కాన్ఫిగ్ ఫైల్ మొత్తం కాపీ కొట్టి, అందులో ఏముందో తెలియకుండా నాలుగేళ్ళు బతికేస్తరు.

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఫైళ్ళ లిస్టు కావాలంటే "ఎల్‌ఎస్" అని ఎందుకు కొట్టాలి? పూర్తిగా "లిస్ట్" అని ఉంటే ఏం పోయేది? కాపీకి "సీపీ", మూవ్‌కు "ఎమ్‌వీ", రిమూవ్‌కు "ఆర్‌ఎం". ఎవరు మిగుల్చుకున్నరు ఆ రెండు అక్షరాలు? దీనికి జవాబు కోసం మనం కంప్యూటర్ కంటే వంద సంవత్సరాలు వెనక్కి పోవాలి. దూరం కూడా పోనక్కర్లేదు, రైల్వే స్టేషన్ దాకా పోతే చాలు.

స్టేషన్ కోడ్లు: మన దగ్గరి మొదటి అలియాస్‌లు

మాది ఘనపూర్. ఏ ఘనపూర్ అని వెంటనే అడుగుతరు కాబట్టి చెప్తున్నా, స్టేషన్ ఘనపూర్. కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే లైన్లో, జనగామకు ముందు వస్తది. ఊరి పేరులోనే స్టేషన్ ఎందుకు చేరింది? ఎందుకంటే ఇంకో ఘనపూర్ ఉంది. కోట గుళ్ళు ఉన్న ఘనపూర్, కాకతీయుల కాలం నాటి గుళ్ళు, దాన్ని ఘనపూర్ ములుగు అంటరు. రెండూ ఒకప్పుడు పాత వరంగల్ జిల్లాలోనే. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు మాది జనగామ జిల్లాకు వచ్చింది, అది భూపాలపల్లి జిల్లాకు పోయింది. ఒకే పేరు రెండు చోట్ల ఉంటే ముందు ఒక గుర్తు తగిలించాలి. ప్రోగ్రామర్లు దీన్ని నేమ్‌స్పేస్ అంటరు. మా ఊరోళ్ళు ఆ మాట వినకముందే ఆ పని చేసేసిన్రు. ఈ పాయింట్ గుర్తు పెట్టుకోండి, చివర్లో కొత్త టూల్స్ దగ్గర మళ్ళీ పనికొస్తది.

ఈ రైల్వే లైన్ నిజాం కాలం నాటిది. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చింది. అక్కడి నుంచి 1886లో వరంగల్ దాకా, 1889లో బెజవాడ దాకా పొడిగించిన్రు. పట్టాలు ఎక్కడ వేస్తే అక్కడ పక్కనే టెలిగ్రాఫ్ తీగ కూడా పోయేది. ఏ బండి ఎక్కడుందో పక్క స్టేషన్‌కు చెప్పకుండా ఒకే పట్టా మీద రెండు వైపులా బండ్లు నడపలేరు కదా.

ఇప్పుడు ఆ టెలిగ్రాఫ్ ముందు కూర్చున్న మనిషిని ఊహించుకోండి. ప్రతి అక్షరాన్నీ చుక్కలుగా గీతలుగా చేత్తో కొట్టాలి. రోజుకు ఎన్నిసార్లు "సికింద్రాబాద్" అని కొడతడు? అందుకే సికింద్రాబాద్ "ఎస్‌సీ" అయింది. వరంగల్ "డబ్ల్యూఎల్". కాజీపేట జంక్షన్ "కేజెడ్‌జే". జనగామ "జెడ్‌ఎన్". ఈరోజు మీ ఫోన్లో రైలు టికెట్ బుక్ చేస్తుంటే కనపడే కోడ్లు ఇవే. టెలిగ్రాఫ్ పోయింది, చుక్కలు గీతలు పోయినయి, చేత్తో కొట్టే మనిషి పోయిండు. కోడ్ మాత్రం ఉంది.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది విజయవాడ. దాని కోడ్ "బీజెడ్‌ఏ". అందులో విజయవాడలోని మొదటి అక్షరం ఎక్కడుంది? లేదు. అది బెజవాడ. ఊరి పేరు అధికారికంగా మారిపోయినా కోడ్ మారలేదు. ఎందుకు మార్చరు? ఎందుకంటే ఆ మూడు అక్షరాల మీద వేల టైంటేబుళ్ళు, చార్టులు, ఇప్పుడైతే సాఫ్ట్‌వేర్లు ఆధారపడి ఉన్నయి. షార్ట్‌కట్ల చరిత్రలో మొదటి సూత్రం ఇదే: పొట్టి పేరు ఒకసారి అలవాటైతే, దానికి కారణమైన పొడుగు పేరు కంటే ఎక్కువ కాలం బతుకుతది.

టెలిగ్రాంకు మాటకింత అని డబ్బులు. అందుకే 19వ శతాబ్దంలో వ్యాపారుల కోసం కోడ్ పుస్తకాలే అచ్చు వేసిన్రు. ఒక్క మాట పంపితే అవతలి వాడు పుస్తకం తీసి మొత్తం వాక్యం చదువుకుంటడు. మన దేశంలో గ్రీటింగ్ టెలిగ్రాంలు కూడా అంతే. దీపావళి శుభాకాంక్షలకు ఒక నంబర్, పెళ్ళి శుభాకాంక్షలకు ఒక నంబర్. మీరు నంబర్ రాసిస్తే అవతల పూర్తి వాక్యం అందేది. 2013 జూలైలో టెలిగ్రాం సర్వీస్ ఆగిపోయేదాకా ఇది నడిచింది. నంబర్ ఇస్తే వాక్యం వచ్చింది. అలియాస్ అంటే అంతకంటే ఏం లేదు ఫ్రెండ్స్.

సెకనుకు పది అక్షరాలు

ఇప్పుడు అమెరికా పోదాం. 1969. బెల్ ల్యాబ్స్ అనే కంపెనీ. అది టెలిఫోన్ కంపెనీకి చెందిన పరిశోధనా కేంద్రం. అక్కడ కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ కలిసి పీడీపీ-7 అనే చిన్న మెషీన్ మీద యూనిక్స్ మొదలుపెట్టిన్రు. అప్పుడు కమాండ్లు కొట్టడానికి టెలిటైప్ ఉండేది. టెలిటైప్ అంటే టెలిగ్రాఫ్ వంశంలో పుట్టిన బిడ్డ: కొట్టింది తీగ మీద పోయి అవతల కాగితం మీద అచ్చు పడే టైప్‌రైటర్. దాన్ని తెచ్చి కంప్యూటర్‌కు తగిలించిన్రు.

ఆ రోజుల్లో బాగా ప్రచారంలో ఉన్న టెలిటైప్ మోడల్ 33 వేగం ఎంత? సెకనుకు 10 అక్షరాలు. దాని కీలు మన ల్యాప్‌టాప్ కీల లెక్క మెత్తగా ఉండవు, గట్టిగా లోపలికి నొక్కాలి. రోజంతా దాని ముందు కూర్చునే మనిషికి "లిస్ట్" బదులు "ఎల్‌ఎస్" కొడితే సగం కష్టం తగ్గినట్టే. మెషీన్ జవాబులు కూడా అందుకే పొట్టిగా ఉంటయి. ఫైల్ కాపీ అయిందనుకోండి, యూనిక్స్ "కాపీ అయింది" అని చెప్పదు. ఏం చెప్పకపోతే పని అయినట్టు. కాగితం, టైం రెండూ మిగులుతయి. కొత్తగా టెర్మినల్ తెరిచిన పిల్లలు "ఏం రాలేదన్నా, పని అయిందా లేదా" అని భయపడేది దీని వల్లే. ఆ మౌనం టెలిటైప్ కాలం నాటి పొదుపు.

"గ్రెప్" కథ ఇంకా బాగుంటది. అది ఏ ఇంగ్లీషు మాటా కాదు. అప్పటి ఎడిటర్ పేరు "ఈడీ". అందులో ఒక నమూనా ఉన్న లైన్లన్నీ చూపించాలంటే ఒక కమాండ్ ఉండేది: జీ, తర్వాత స్లాష్, మధ్యలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, మళ్ళీ స్లాష్, చివర్న పీ. జీ అంటే గ్లోబల్, ఆర్‌ఈ అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, పీ అంటే ప్రింట్. ఆ పనిని థాంప్సన్ 1973లో వేరే ప్రోగ్రాంగా తీసినప్పుడు ఆ కీలనే పేరు చేసేసిండు. అంటే ఒక షార్ట్‌కటే ప్రోగ్రాం పేరైపోయింది. ఫైల్ తయారుచేసే సిస్టం కాల్ "క్రియేట్"లో చివరి ఈ అక్షరం లేకుండా వదిలేసిన్రు. యూనిక్స్‌ను మళ్ళీ రాస్తే ఏం మారుస్తవ్ అని థాంప్సన్‌ను అడిగితే, ఆ ఈ పెడతా అని సరదాగా చెప్పిండట. బీజెడ్‌ఏ లెక్కనే, దాన్ని ఇప్పుడు ఎవరూ సరిచేయలేరు.

ఇక్కడ మన తెలుగు మీడియం తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. నల్ల స్క్రీన్ చూడగానే "ఇదంతా ఇంగ్లీషు, మనకు రాదు" అనుకుంటరు. గ్రెప్ ఇంగ్లీషు కాదు. ఆక్ అనే కమాండ్ ఇంగ్లీషు కాదు, దాన్ని రాసిన ముగ్గురు, అహో, వైన్‌బర్గర్, కెర్నిగాన్ ఇంటిపేర్ల మొదటి అక్షరాలు. ఇవి లండన్‌లో పుట్టినోడికి కూడా కొత్త మాటలే. అందరూ సున్నా నుంచే నేర్చుకోవాలి. కాలేజీ ల్యాబ్‌లో ఇంగ్లీషు బాగా మాట్లాడే పక్క సీటు అబ్బాయికి ఈ విషయంలో మీకంటే ముందు మొదలుపెట్టే అవకాశం ఏం లేదు.

ఆర్‌సీ అంటే ఏంది?

మీరు అలియాస్‌లు పెట్టుకునే ఫైల్ పేరు చూడండి. డాట్ బాష్ ఆర్‌సీ. లేదా డాట్ జెడ్‌ఎస్‌హెచ్ ఆర్‌సీ. ఆ ఆర్‌సీ ఏంది? బండికి ఉండే ఆర్‌సీ కాదు. అది యూనిక్స్ కంటే కూడా పాతది.

1960ల మొదట్లో ఎమ్‌ఐటీలో సీటీఎస్‌ఎస్ అని ఒక సిస్టం ఉండేది. ఒకే కంప్యూటర్‌ను చాలామంది ఒకేసారి వాడుకునే మొదటి సిస్టంలలో అదొకటి. అక్కడ లూయీ పూజాన్ అనే ఫ్రెంచ్ ఇంజనీర్ పనిచేసేవాడు. రోజూ అవే కమాండ్లు అదే వరుసలో కొట్టడం విసుగనిపించి, ఆ వరుసను ఒక ఫైల్లో రాసి, ఫైల్‌ను నడిపే ప్రోగ్రాం రాసిండు. దాని పేరు రన్‌కామ్, అంటే రన్ కమాండ్స్. ఆర్‌సీ అక్కడి నుంచే వచ్చింది. కమాండ్లను అర్థం చేసుకునే భాగాన్ని సిస్టం లోపల కాకుండా బయట ఒక మామూలు ప్రోగ్రాంగా పెట్టాలన్న ఆలోచన కూడా ఆయనదే. దానికి "షెల్" అని పేరు పెట్టింది కూడా ఆయనే. తర్వాత ఫ్రాన్స్ వెళ్ళి సిక్లాడ్స్ అనే నెట్‌వర్క్ చేసిండు, దాని ఆలోచనలు ఇంటర్నెట్‌కు పునాది అయినయి. అది వేరే ఎపిసోడ్.

షెల్ బయట ఉండటం ఎందుకు ముఖ్యం? లోపల ఉంటే కంపెనీ ఇచ్చిందే వాడాలి. బయట ఉంటే నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఈరోజు బాష్ వద్దు జెడ్ షెల్ కావాలి అని మనం అనగలుగుతున్నమంటే, 60 ఏళ్ళ కింద తీసుకున్న ఆ ఒక్క నిర్ణయం వల్ల.

మరి ఆ ఫైల్ పేరు ముందు చుక్క? చుక్కతో మొదలైన ఫైళ్ళు ఎల్‌ఎస్‌లో కనపడవు కదా. రాబ్ పైక్ చెప్పిన కథ ప్రకారం అది ఎవరూ ప్లాన్ చేసింది కాదు. ప్రతి ఫోల్డర్‌లో ఒక చుక్క, రెండు చుక్కలు అనే రెండు ఎంట్రీలు ఉంటయి. వాటిని లిస్టులో చూపించొద్దని, పేరులో మొదటి అక్షరం చుక్క అయితే వదిలెయ్ అని ఒక పొట్టి చెక్ పెట్టిన్రు. దాంతో చుక్కతో మొదలయ్యే ఏ ఫైలైనా దాక్కోవడం మొదలైంది. జనం దాన్నే పద్ధతి చేసుకున్నరు. ఇప్పుడు ప్రపంచమంతా "డాట్‌ఫైల్స్" అని గర్వంగా గిట్‌హబ్‌లో పెట్టుకునేది ఆ పొట్టి చెక్ వల్ల పుట్టిన సందులో దాచుకున్న ఫైళ్ళనే.

అలియాస్ పుట్టిన చోటు, "ఊరు" అనే గుర్తు

1970ల చివర్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో బిల్ జాయ్ అనే విద్యార్థి సీ షెల్ రాసిండు. మనం ఈరోజు కస్టమైజేషన్ అనుకునేవాటిలో చాలా భాగం అక్కడివే. అలియాస్ అందులో ఉంది. హిస్టరీ అందులో ఉంది: ఆశ్చర్యార్థకం గుర్తు రెండుసార్లు కొడితే పోయిన కమాండ్ మళ్ళీ నడుస్తది. ఇంటి ఫోల్డర్‌కు టిల్డే గుర్తు, ఆ వంకర గీత, కూడా సీ షెల్ నుంచే అందరికీ అలవాటైంది.

టిల్డే ఎందుకు? బిల్ జాయ్ వాడిన టెర్మినల్ ఏడీఎమ్-3ఏ. దాని కీబోర్డ్ మీద టిల్డే ఉన్న కీ మీదనే "హోమ్" అని రాసి ఉండేది. అంతే. అదే కీబోర్డ్ మీద హెచ్, జే, కే, ఎల్ కీల మీద బాణం గుర్తులు ఉండేవి. ఆయనే రాసిన వీఐ ఎడిటర్‌లో కర్సర్ ఆ కీలతో కదులుతది. ఇప్పుడు విమ్ నేర్చుకుంటూ "బాణం కీలు ఉండగా ఈ గోల ఏంది" అని తిట్టుకునేవాళ్ళు, తిట్టాల్సింది 1976 నాటి ఒక కీబోర్డ్‌ను.

నాకైతే టిల్డే అంటే మన "ఊరు". పండగకు హైదరాబాద్‌లో రూమ్మేట్లందరూ "ఊరికి పోతున్న" అంటరు. ఒకరి ఊరు ఘనపూర్, ఒకరిది డోర్నకల్, ఒకరిది మహబూబాబాద్. మాట ఒకటే, చెప్పినోడిని బట్టి చేరే చోటు మారుతది. టిల్డే సరిగ్గా అదే.

మన తెలుగోళ్ళు కీబోర్డును వంచిన కథ

ఇంతవరకు అందరూ అమెరికా వాళ్ళే. మనోళ్ళు ఏం చేసిన్రు? చేసిన్రు, అదీ ఇదే రకం టెర్మినళ్ళ మీద.

1990ల మొదట్లో అమెరికా యూనివర్సిటీల్లో చదువుకునే తెలుగు విద్యార్థులకు ఇంటర్నెట్ అంటే యూజ్‌నెట్. వెబ్ ఇంకా ఇంటింటికీ రాలేదు. యూనిక్స్ టెర్మినల్‌లో అక్షరాలు మాత్రమే, అవి కూడా ఆస్కీ, అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులు. మరి తెలుగు పద్యం గురించి మాట్లాడుకోవాలంటే ఎట్ల? ఒక్కొక్కరు ఒక్కో రకంగా ఇంగ్లీషులో రాస్తే చదివేవాడికి అది "తాత"నా "టాటా"నా తెలియదు.

అప్పుడు హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద్ కిషోర్ కలిసి ఒక పద్ధతి తయారుచేసిన్రు. దాని పేరు రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్, ఆర్‌టీఎస్. రైస్ అంటే అన్నం కాదు, యూనివర్సిటీ పేరు. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. కొత్త కీబోర్డ్ కొనక్కర్లేదు, షిఫ్ట్ కీ చాలు. అట్ల రాసిన దాన్ని తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రాం కూడా వచ్చింది.

ఇది ఒక షార్ట్‌కట్ స్కీమే ఫ్రెండ్స్. ఉన్న కీలకు మనకు కావాల్సిన అర్థం ఇచ్చుకున్నరు. తర్వాత వీవెన్ చేసిన లేఖిని సైట్‌లో లక్షణంగా తెలుగు టైప్ చేసినవాళ్ళందరూ ఈ పద్ధతికి దగ్గరి చుట్టాలే. ఈరోజు లినక్స్‌లో ఐబస్, ఎమ్17ఎన్ పెట్టుకుని తెలుగు ఎంచుకుంటే, ఇన్‌స్క్రిప్ట్, పోతన, ఆపిల్ పక్కన ఆర్‌టీఎస్ అని కూడా కనపడతది. ఎవరికీ జీతం ఇచ్చి చేయించిన పని కాదు. చదువుకునే పిల్లలు తమ అవసరానికి చేసుకున్నది, 30 ఏళ్ళ తర్వాత కూడా మెనూలో ఉంది.

బాష్, జెడ్ షెల్, తర్వాత వచ్చిన బృందం

మిగతా షెళ్ళ చరిత్ర త్వరగా చెప్పేస్తా. 1979లో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ యూనిక్స్‌తో వచ్చింది. 1989లో గ్నూ ప్రాజెక్ట్ కోసం బ్రయాన్ ఫాక్స్ దానికి స్వేచ్ఛా వెర్షన్ రాసిండు, పేరు బోర్న్ అగైన్ షెల్, బాష్. 1990లో ప్రిన్స్‌టన్ విద్యార్థి పాల్ ఫాల్‌స్టాడ్ జెడ్ షెల్ రాసిండు. ఆ పేరు ఎక్కడిదనుకున్నరు? అక్కడ టీచింగ్ అసిస్టెంట్‌గా ఉన్న జాంగ్ షావో లాగిన్ ఐడీ జెడ్‌ఎస్‌హెచ్. షెల్‌కు పేరు బాగుంటది అని తీసేసుకున్నడు. 2009లో రాబీ రస్సెల్ ఓ మై జెడ్‌ఎస్‌హెచ్ మొదలుపెట్టిండు. 2019లో ఆపిల్ తన మ్యాక్‌లలో డీఫాల్ట్‌ను బాష్ నుంచి జెడ్ షెల్‌కు మార్చింది. అప్పటిదాకా మ్యాక్‌లో ఉన్నది పాత బాష్ 3.2. ఆ తర్వాతి బాష్‌లు జీపీఎల్ మూడో వెర్షన్ లైసెన్స్ కిందకు పోయినయి, ఆపిల్‌కు ఆ లైసెన్స్ పడదు.

పోయిన పది పన్నెండేళ్ళలో వచ్చిన టూల్స్ వేరే రకం. షెల్ కాదు, పాత కమాండ్లనే కొత్తగా రాసిన్రు. 2013లో కొరియా డెవలపర్ జునెగున్ చోయ్ రాసిన ఎఫ్‌జెడ్‌ఎఫ్: ఏ లిస్టునైనా కొన్ని అక్షరాలు కొట్టి వెతుక్కోవచ్చు. కంట్రోల్ ఆర్ నొక్కితే మీ పాత కమాండ్లన్నీ అట్ల వెతకొచ్చు. నన్నడిగితే ఒక్కటే టూల్ పెట్టుకుంటా అంటే ఇదే పెట్టుకోండి. 2016లో ఆండ్రూ గాలంట్ రాసిన రిప్‌గ్రెప్: గ్రెప్ పనే, చాలా వేగంగా, గిట్‌లో వద్దన్న ఫైళ్ళను తనంతట తానే వదిలేస్తది. డేవిడ్ పీటర్ రాసిన బ్యాట్, ఎఫ్‌డీ: ఒకటి క్యాట్ లాంటిది, కోడ్‌కు రంగులేస్తది, రెండోది ఫైండ్ లాంటిది. అజీత్ డిసౌజా రాసిన జాక్సైడ్: మీరు ఎక్కువగా పోయే ఫోల్డర్లను గుర్తుపెట్టుకుని, జెడ్ అని రెండు అక్షరాలు కొడితే అక్కడికి తీసుకుపోతది. టెర్మినల్ యాప్‌లలో కిట్టీ ఉంది, క్యాలిబర్ రాసిన భారతీయ డెవలపర్ కోవిద్ గోయల్ చేసింది.

ఇప్పుడు రెండు ఘనపూర్‌ల సంగతి. ఉబుంటులో బ్యాట్ ఇన్‌స్టాల్ చేసి "బ్యాట్" అని కొడితే రాదు. "బ్యాట్‌క్యాట్" అని కొట్టాలి. ఎఫ్‌డీ అయితే "ఎఫ్‌డీఫైండ్". ఎందుకంటే ఆ పొట్టి పేర్లు అప్పటికే వేరే ప్యాకేజీలకు ఉన్నయి. ముందొచ్చినోడికి పేరు, తర్వాతోడికి తోక. అలియాస్ పెట్టుకునేటప్పుడు మనం కూడా ఇదే చూసుకోవాలి. చాలామంది గిట్ స్టేటస్‌కు జీఎస్ అని పెట్టుకుంటరు. జీఎస్ అన్నది ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాం అసలు పేరు. అందుకే అలియాస్ పెట్టే ముందు "టైప్" అని కొట్టి పక్కన ఆ పేరు కొట్టండి. ఇప్పటికే ఎవరైనా ఆ ఇంట్లో ఉంటే షెల్ చెప్తది.

మరి తెలుగు సంగతేంది?

అసలు పేచీ ఇక్కడుంది. స్క్రీన్ మీద చూడండి. "తెలుగు" అనే మాటను డబ్ల్యూసీ కమాండ్‌కు ఇస్తున్న. మనకు అది మూడు అక్షరాలు: తె, లు, గు. బైట్లు లెక్కపెట్టమంటే 18 అంటది. క్యారెక్టర్లు లెక్కపెట్టమంటే 6 అంటది. ఎందుకు? యూనికోడ్‌లో తెలుగుకు 1991లో మొదటి వెర్షన్ నుంచే చోటుంది, అందులో హల్లుకు ఒక నంబర్, గుణింతానికి ఇంకో నంబర్. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. మొత్తం ఆరు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 18. ఈ యూటీఎఫ్-8ను కనిపెట్టింది కూడా కెన్ థాంప్సనే, రాబ్ పైక్‌తో కలిసి, 1992లో న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనం దగ్గర ప్లేట్ కింద వేసే కాగితం మీద. తెలుగు ఈరోజు టెర్మినల్‌లో పోతున్నదంటే ఆ కాగితం పుణ్యమే.

పోతున్నది, కానీ కనపడటం దగ్గర ఇబ్బంది. టెర్మినల్ అంటే ఇప్పటికీ గళ్ళ కాగితం. గడికి ఒక అక్షరం, టెలిటైప్ నాటి లెక్క. ఏ అక్షరానికి ఎన్ని గళ్ళు అన్నది యూనికోడ్ పట్టిక చూసి నిర్ణయిస్తరు. ఆ పట్టికలో గుడి, ఎత్వం పైన కూర్చునే గుర్తులు కాబట్టి గడి అక్కర్లేదు. కొమ్ము మాత్రం పక్కకు జరిగే గుర్తు, దానికి ఒక గడి. పాత పద్ధతి లెక్కలో "కి" ఒక గడి, "కు" రెండు గళ్ళు. "తెలుగు" అయిదు గళ్ళు. మూడు అక్షరాలు, ఆరు క్యారెక్టర్లు, అయిదు గళ్ళు, పద్దెనిమిది బైట్లు. ఇక ఒత్తులు వస్తే, "క్క"కు రెండు గళ్ళు ఇస్తది, ఒత్తేమో కింద కూర్చోవాలి. అందుకే చాలా టెర్మినళ్ళలో మన అక్షరాలు విరిగిపోయి, కర్సర్ ఒకచోట, అక్షరం ఒకచోట ఉంటది.

ఇది ఎవరో మన మీద పగబట్టి చేసింది కాదు. కానీ సెకనుకు పది అక్షరాల మెషీన్ కోసం చేసిన నిర్ణయం, ఆ మెషీన్ మ్యూజియంకు పోయిన తర్వాత కూడా మన భాషను విరుస్తున్నది. బీజెడ్‌ఏ లాంటి కోడ్ మిగిలితే సరదా. గడి మిగిలితే, ఒక ఊరి స్కూల్ టీచర్ తన పిల్లల పేర్ల ఫైల్ తెరిచి చూసి "ఇది మనకోసం కాదు" అని మూసేస్తది. తేడా అది. దీన్ని సరిచేసేవాళ్ళు కావాలి. గ్రిడ్ లెక్కలు, ఒత్తుల లెక్కలు రెండూ తెలిసినవాళ్ళు. రెండోది మనకు రెండో తరగతిలోనే వచ్చు. ఓపెన్ సోర్స్‌లో ఏం చేయాలి అని అడిగేవాళ్ళు, మీ టెర్మినల్‌లో తెలుగు ఎక్కడ విరుగుతున్నదో ఫోటో తీసి, ఏ అక్షరం, ఎన్ని గళ్ళు అని రాసి బగ్ రిపోర్ట్ పెట్టండి. అది చిన్న పని కాదు.

తెలుగులోనే అలియాస్ పెట్టొచ్చా? పెట్టొచ్చు. అలియాస్ పేరు "చూపు" అని తెలుగు లిపిలో రాసి, ఎల్‌ఎస్ హైఫన్ ఎల్‌కు కలపండి. బాష్‌లో నడుస్తది, జెడ్ షెల్‌లో నడుస్తది. కాకపోతే ప్రతిసారీ కీబోర్డ్ లేఅవుట్ మార్చాలి కాబట్టి అది షార్ట్‌కట్ కాదు, లాంగ్‌కట్. పిల్లలకు మొదటి రోజు నేర్పించడానికి మాత్రం మస్తు పనిచేస్తది. "చూపు" అంటే చూపించింది అని వాళ్ళకు అర్థమైన తర్వాత, దాని అసలు పేరు ఎల్‌ఎస్ అని చెప్పండి.

చరిత్ర నేర్పే మూడు మాటలు

ఒకటి. షార్ట్‌కట్ ఊహించి పెట్టుకోవద్దు, వాడకం చూసి పెట్టుకోండి. స్టేషన్ మాస్టర్‌కు సికింద్రాబాద్ రోజూ కొట్టాల్సి వచ్చింది కాబట్టి ఎస్‌సీ వచ్చింది. మీ హిస్టరీ కమాండ్‌ను ఆక్, సార్ట్, యూనిక్ గుండా పంపండి, లైన్ కింద ఇస్తున్న. మీరు ఎక్కువగా కొట్టే పది కమాండ్లు వస్తయి. అందులో పొడుగ్గా ఉన్న మూడింటికి మాత్రమే పేరు పెట్టండి.

రెండు. పాత పేరుకు కొత్త అర్థం ఇవ్వొద్దు. కొంతమంది ఆర్‌ఎం అంటే "అడిగి తీసెయ్" అని అలియాస్ పెట్టుకుంటరు. రెండేళ్ళు అది అడుగుతది, మీకు అలవాటైతది. మూడో ఏడు ఆఫీసు సర్వర్‌లో లాగిన్ అవుతరు, అక్కడ మీ అలియాస్ లేదు, ఆర్‌ఎం అడగదు. తీసేస్తది. అడిగే వెర్షన్ కావాలంటే దానికి వేరే పేరు పెట్టండి. సర్వర్‌లో ఆ పేరు లేకపోతే "అట్లాంటి కమాండ్ లేదు" అని ఆగిపోతది, అదే మంచిది.

మూడు. డీఫాల్ట్ కూడా రావాలి. ఇంటర్వ్యూలో, కస్టమర్ మెషీన్‌లో, రాత్రి రెండు గంటలకు ఆగిపోయిన సర్వర్‌లో రిప్‌గ్రెప్ ఉండదు, గ్రెప్ ఉంటది. అలియాస్ మన ఇంటి యాస లాంటిది. ఇంట్లో హాయిగా మాట్లాడుకోవాలి, వదులుకోవద్దు. బయటోడికి అర్థమయ్యేట్టు చెప్పడం కూడా రావాలి. మీ కాన్ఫిగ్ ఫైల్‌లో ప్రతి అలియాస్ పైన ఒక లైన్ కామెంట్ రాయండి, ఎందుకు పెట్టిన్రో. తెలుగులోనే రాయండి, షెల్‌కు ఏ ఇబ్బందీ లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఖాళీ డాట్ బాష్ ఆర్‌సీతో మొదలుపెట్టి, లైన్ తర్వాత లైన్ కలిసి రాద్దాం. దానికి ముందు మీ హోంవర్క్: మీ పది కమాండ్ల లిస్టు తీసి పక్కన పెట్టుకోండి.